బ్యాలెట్‌లో పై పేరు ఎవరిది: అక్షరక్రమమా, చీటీయా, రొటేషనా?

గోదారిగట్టు:
నా పేరు ‘వ’తో మొదలవుతుంది, బళ్ళో హాజరు పిలిచినప్పటి నుంచీ ఆఖర్నే, అలవాటైపోయింది. కానీ ఎన్నికల్లోనూ ఇదేనా? అసెంబ్లీకైనా పార్లమెంటుకైనా గుర్తింపు ఉన్న పార్టీల వాళ్ళు ముందు, రిజిస్టరై గుర్తింపు లేని పార్టీల వాళ్ళు తర్వాత, ఇండిపెండెంట్లు ఆ కింద, అన్నిటికీ అడుగున నోటా. ఒక్కో గుంపులో తెలుగు అక్షరక్రమం. ‘అ’తో పేరున్నాయనకి పుట్టుకతోనే లాభం అన్నమాట. ఆస్ట్రేలియాలో దిగువసభకి 1984 నుంచి చీటీ తీసి వరస పెడుతున్నారు, అక్కడి టాస్మేనియా రాష్ట్రంలో ఒక్కో పార్టీ వాళ్ళ పేర్ల వరసని బ్యాలెట్ బ్యాలెట్‌కీ మార్చి అచ్చేస్తారు. మనం కనీసం బూత్ బూత్‌కీ మారిస్తే పోయేదేంటి?

డ్యూటీపడ్డటీచర్:
పోలింగ్ డ్యూటీ ఒక్కసారి చేసినా ఈ మాట అనరు సార్. ఊళ్ళల్లో ప్రచారం సగం నంబరు మీదే నడుస్తుంది, నమూనా బ్యాలెట్ పట్టుకుని ‘రెండో మీట నొక్కాలి అవ్వా’ అని ఇల్లిల్లూ తిరుగుతారు. ఒకే బళ్ళో నాలుగు బూత్‌లుంటాయి, గది మారగానే రెండు కాస్తా ఏడైతే ఆ అవ్వ ఏమైపోవాలి? చూపులేని వాళ్ళకి మీటల పక్కన బ్రెయిలీ అంకెలుంటాయి, బ్రెయిలీ నమూనా షీటూ ఇస్తాం, అది బూత్‌కొకటి వేరేగా కొట్టించాలి. ఇక లెక్కింపు రోజు ఏజెంట్లు... వద్దులెండి, ఆ టెన్షన్ మీకు తెలీదు.

లెక్కలపిచ్చి:
ఆస్ట్రేలియా కథ సగమే చెప్పారు. అక్కడ ఓటు తప్పనిసరి, పైగా అభ్యర్థులందరికీ నంబర్లు వేయాలి, విసుగొచ్చినవాడు పైనుంచి కిందికి 1, 2, 3 గీకేసి పోతాడు. దాన్ని గాడిద ఓటు అంటారు. అక్కడా అక్షరక్రమమే ఉన్న రోజుల్లో, 1937 సెనేట్ (ఎగువసభ) ఎన్నికల్లో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం నుంచి లేబర్ పార్టీ తరఫున గెలిచిన నలుగురూ అమూర్, ఆర్మ్‌స్ట్రాంగ్, ఆర్థర్, ఆష్లీ. అందరూ ‘ఎ’లే! మన దగ్గర ఇష్టం లేనివాడు ఇంట్లోనే పడుకుంటాడు, వచ్చినవాడు గుర్తు చూసి నొక్కుతాడు. ఇక్కడ పై స్థానం విలువ తక్కువే అని నా నమ్మకం.

పాలమూరుపోరడు:
గుర్తు చూసే నొక్కుతారు అన్నా, గొడవంతా అక్కడే ఉంది. పంచాయతీ సంగతి మరిచిపోయారు. సర్పంచి బ్యాలెట్ మీద పేర్లే ఉండవు, పార్టీ గుర్తులూ ఉండవు. అక్షరక్రమంలో ముందున్నవాళ్ళకి ఉంగరం, ఆ తర్వాతి వాళ్ళకి కత్తెర, అట్లా వరసగా ఇచ్చుకుంటూ పోతారు. మా చిన్నాయన పేరు ‘శ’, ఎక్కడో కిందున్న గుర్తు వచ్చింది, ముసలోళ్ళకి అదేందో చెప్పడానికే వారం పట్టింది, ఫోన్‌లో బొమ్మ చూపించినా ‘ఇదేంది బిడ్డా’ అన్నారు. ఉంగరం ఆయన నోరు కూడా విప్పలే, వేలు చూపించుకుంటూ పోయాడు. ఎన్ని ఓట్లతో ఓడాడని అడగకండి.

గోదారిగట్టు:
ఇది నాకు తట్టనే లేదు. సరే, బూత్ బూత్‌కీ అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా, అవ్వ సంగతి నిజమే. నియోజకవర్గానికి ఒక్కసారే చీటీ తీసి, అన్ని బూత్‌లకీ అదే వరస పెడితే? గుంపులు కూడా ఎత్తేసి అందరినీ కలిపి తీయాలి.

లెక్కలపిచ్చి:
గుంపులు ఎత్తేస్తే 2019 నిజామాబాద్ లోక్‌సభ ఎన్నిక గుర్తు తెచ్చుకోండి. పసుపు, ఎర్రజొన్న రైతులు నామినేషన్లేసి మొత్తం 185 మంది బరిలో ఉన్నారు, బూత్‌కి 12 బ్యాలెట్ యూనిట్లు, అంటే మీటలుండే పెట్టెలు, పెట్టారు. అన్నీ కలిపి చీటీ తీస్తే తెలిసిన గుర్తు మూడో పెట్టె మీదుందో పదకొండో పెట్టె మీదుందో వెతుక్కోవాలి. గుంపు లోపల చీటీ అంటే నేనూ సరే అంటా.

డ్యూటీపడ్డటీచర్:
చీటీ తీస్తే రిటర్నింగ్ అధికారి మడతపెట్టి ఉంచాడంటారు.

గోదారిగట్టు:
ఇద్దరికి ఓట్లు సమానంగా వస్తే గెలుపే చీటీతో తేలుస్తున్నారు కదండీ, చట్టంలోనే ఉంది. ఎమ్మెల్యే ఎవరో తేల్చే చీటీ వరస తేల్చడానికి పనికిరాదా? అక్షరక్రమంలో మాత్రం కిటుకుల్లేవా? పేరు ముందు పొడి అక్షరాలుంటే వాటిని వదిలేసి చూస్తారు, ఇంటిపేరు పూర్తిగా రాస్తే దాని మొదటి అక్షరమే లెక్క.

డ్యూటీపడ్డటీచర్:
సరే, ఒప్పుకున్నా. నామినేషన్ల ఉపసంహరణ మధ్యాహ్నం 3కి ముగుస్తుంది, ఏజెంట్లు ఎలాగూ అక్కడే ఉంటారు, వాళ్ళ ముందే ఓ అరగంటలో అయిపోతుంది. బూత్‌ల జోలికి మాత్రం రాకండి.

పాలమూరుపోరడు:
ఆ ఇంటిపేరు ముక్క చిన్నాయనకి చదివి వినిపించిన. మా ఇంటిపేరు ‘ఆ’తో మొదలవుతుంది. ఈసారి నామినేషన్‌లో పూర్తిగా రాయించుకుంటాడంట. సర్పంచి ఎన్నికలకి ఆ లెక్క నడుస్తుందా అన్నా, ఎవరికైనా తెలుసా?