ఉక్కు, గనులు, బొగ్గు, పోర్టు: ఇన్ని శాఖలెందుకు, ఒకటి చాలదా?

గాజువాక కుర్రాడు:
నిన్న టీ కొట్టు దగ్గర మొదలైన గొడవను ఇక్కడికి తెచ్చాను. మన విశాఖ స్టీల్ ప్లాంటు ఢిల్లీలో ఒక శాఖ, బొగ్గు ఇంకో శాఖ, మోసుకొచ్చే రైలు వేరే శాఖ, ఓడ దిగే పోర్టు మరో శాఖ. ఏ పని పడినా ఫైలు నాలుగు భవనాలు తిరగాలి. అన్నీ ఒకే మంత్రికి ఇచ్చేస్తే పోలేదా? 1970ల మొదట్లో కేంద్ర మంత్రి మోహన్ కుమారమంగళం ఉక్కు, గనులు రెండూ చూశారు. 2019లో నీళ్ల శాఖలు కలిపి జలశక్తి పెట్టారు. మనకెందుకు కుదరదు?

రిటైర్డ్ ఫోర్‌మన్:
బాబూ, ఒక్క మాట. మన ప్లాంటుకు ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం అమ్మే ప్రభుత్వ గనుల కంపెనీ ఎన్‌ఎండీసీ ఏ శాఖదనుకున్నావు? గనుల శాఖది కాదు, ఉక్కు శాఖదే. కొనేవాడూ అమ్మేవాడూ ఇద్దరూ ఒకే మంత్రి కిందే ఉన్నారు. అయినా మనకు సొంత ఇనుప గని లేదు, డబ్బు పెట్టి కొనుక్కుంటున్నాం. మరి నువ్వు కలిపితే కొత్తగా ఏం వస్తుంది?

గాజువాక కుర్రాడు:
ఇంకో ప్రభుత్వ ఉక్కు కంపెనీ సెయిల్‌కు సొంత గనులున్నాయిగా మాస్టారూ! అదీ ఇదే శాఖ.

రిటైర్డ్ ఫోర్‌మన్:
అదే నేనూ అంటున్నాను. శాఖ ఒకటే, రాత వేరు. వాళ్లవి ఎప్పటివో పాత లీజులు. ఇప్పుడు గని కావాలంటే లీజు ఇచ్చేది రాష్ట్రం, అదీ 2015 నుంచి వేలంలో. ఢిల్లీలో ఎన్ని బోర్డులు మార్చినా ఆ వేలం మారదు.

సీతమ్మధార లాయరు:
ఇద్దరూ అసలు తలుపు దగ్గరికి రాలేదు. ఏ శాఖలు ఉండాలో రాజ్యాంగంలో జాబితా లేదు. 77(3) అధికరణం కింద 1961లో చేసిన పని పంపిణీ నిబంధనలే ఆధారం. ప్రధాని సలహాపై రాష్ట్రపతి సంతకం చేస్తే శాఖ పుడుతుంది, పోతుంది. అమెరికాలోలా చట్టసభ చట్టం చేయక్కర్లేదు. మంత్రుల సంఖ్యకు మాత్రం 2003 సవరణ హద్దు పెట్టింది. లోక్‌సభ సభ్యుల సంఖ్యలో 15 శాతం, అంటే 81. 2024 జూన్‌లో ప్రధానితో కలిపి 72 మంది ప్రమాణం చేశారు. ఉక్కు, భారీ పరిశ్రమలు రెండూ కుమారస్వామి గారికే వచ్చాయి, బొగ్గు, గనులు రెండూ కిషన్ రెడ్డి గారికే. మంత్రులు సగం కలిసే ఉన్నారు. కలవనిది కార్యదర్శులు, ఫైళ్లు.

ఇక మన ప్లాంటును ప్రైవేటుకు అమ్మే మాట. 2021 జనవరి 27న సూత్రప్రాయంగా సరేనన్నది ఉక్కు మంత్రి ఒక్కరూ కాదు, ఆర్థిక వ్యవహారాల కేబినెట్ కమిటీ. 2025 జనవరిలో ప్లాంటును నిలబెట్టడానికి 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చిందీ ఆ కమిటీయే. వాటాల అమ్మకం చూసే విభాగం ఆర్థిక శాఖలో ఉంటుంది. మీరు ఎన్ని శాఖలు కలిపినా ఆ గదిలో ఉక్కు మంత్రిది ఒక గొంతే.

జాలారిపేట అమ్మాయి:
కలపడం అంటేనే నాకు టెన్షన్. చేపల శాఖ 2019 దాకా వ్యవసాయంలో ఒక మూల ఉండేది. వరి, యూరియా గొడవల మధ్య వల, ఇంజను ఎవరికి గుర్తొస్తాయి? విడదీశాక కనీసం అడగడానికి ఒక తలుపు దొరికింది. మా ఫిషింగ్ హార్బర్‌ను చూసుకునేది విశాఖ పోర్టు. దాని ఆధునికీకరణకు చేపల శాఖ పథకం నుంచీ, పోర్టుల శాఖ వారి రేవుల అభివృద్ధి పథకం సాగరమాల నుంచీ డబ్బు వచ్చింది. రెండు శాఖలైనా ఒకే పనికి చెయ్యి కలిపాయి కదన్నా.

గాజువాక కుర్రాడు:
సరే, గనుల మాట వెనక్కి తీసుకుంటున్నా. రైల్వే మాత్రం వదలను. 2017లో రైల్వే బడ్జెట్‌ను మామూలు బడ్జెట్‌లో కలిపేశారు. ఏమైనా కొంప మునిగిందా?

రిటైర్డ్ ఫోర్‌మన్:
బడ్జెట్ కలిసింది బాబూ. రైళ్లను నడిపే రైల్వే బోర్డు కలిసిందా?