వెంబ్లీ జంట టవర్లను కూల్చడం తప్పు కాదా?

పాలమూరు లెఫ్ట్‌బ్యాక్:
లండన్‌లోని వెంబ్లీ ఫుట్‌బాల్ స్టేడియం 1923లో తెరుచుకుంది. ఇంగ్లండ్ 1966లో ప్రపంచకప్ గెలిచింది అక్కడే. దాని ముఖద్వారం దగ్గరి రెండు తెల్ల టవర్లను 2003లో నేలమట్టం చేశారు. వారసత్వ కట్టడాల జాబితాలో ఉన్నవాటినే! స్టేడియం కొత్తది కట్టుకోండి, కాదనను. టవర్లను పక్కకు జరపలేరా? శ్రీశైలం ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి మన అలంపురంలో నిలబెట్టారు కదా.

నల్లగొండ సివిల్:
అన్నా, గుడి రాతి కట్టడం. రాళ్లకు నంబర్లు వేసి విప్పుతారు, అదే వరుసలో మళ్లీ పేరుస్తారు. ఆ టవర్లు ఇనుప చువ్వలు పెట్టి పోసిన కాంక్రీటు. విప్పడానికి అతుకులెక్కడివి? కోస్తే మిగిలేది శిథిలమే. పైగా పాత వెంబ్లీలో పిచ్ చుట్టూ గ్రేహౌండ్ కుక్కల పందేల ట్రాక్ ఉండేది. గోల్ వెనుక కూర్చున్నవాళ్లకు ఆట ఎక్కడో దూరాన జరిగేది, కొందరికి స్తంభాలు అడ్డం. ఇప్పుడు 133 మీటర్ల ఎత్తున్న కమాను పైకప్పు బరువు మోస్తోంది. 90 వేల సీట్లలో ఎక్కడ కూర్చున్నా స్తంభం అడ్డు రాదు. టికెట్ కొన్నవాడు చూడవలసింది టవర్లనా, బంతినా?

దేవరకొండ వింగర్:
ఖర్చు కూడా చెప్పండి సార్, దాదాపు 80 కోట్ల పౌండ్లు! కొత్తది 2007లో గానీ తెరవలేదు. 2001 నుంచి 2006 దాకా ఇంగ్లండ్ క్లబ్‌ల ఎఫ్‌ఏ కప్ ఫైనల్ పక్క దేశం వేల్స్‌లోని కార్డిఫ్‌లో ఆడారు. మన నల్లగొండ చెరువుగట్టు జాతరను కర్నూలులో జరిపినట్టు!

పాలమూరు లెఫ్ట్‌బ్యాక్:
జరపలేకపోతే కూల్చడమేనా? బ్రెజిల్‌లో రియోలోని మారకానా స్టేడియాన్ని చూడండి. 1950 ప్రపంచకప్‌లో బ్రెజిల్, ఉరుగ్వే చేతిలో ఓడిన మ్యాచ్‌కు టికెట్ కొన్నవాళ్లే 1,73,850 మంది. ఇప్పుడు సీట్లు 80 వేల లోపే. అయినా బయటి రూపం అలాగే ఉంచి లోపల మార్చుకున్నారు.

నల్లగొండ సివిల్:
రూపం ఉంది, పాత పైకప్పు లేదు. 2014 ప్రపంచకప్ కోసం పాత కాంక్రీటు కప్పును తీసేశారు, కింది గ్యాలరీని కొత్తగా కట్టారు. అసలు 1992లో అక్కడ పై గ్యాలరీ కంచె కూలి ముగ్గురు చనిపోయారు. గుండ్రటి గోడను అలాగే ఉంచి లోపల ఎంతైనా మార్చవచ్చు. వెంబ్లీలో టవర్లు ఉన్న వైపే కొత్త స్టేడియం విస్తరించాలి.

పాలమూరు లెఫ్ట్‌బ్యాక్:
అయితే స్టేడియాన్ని రెండో వైపుకు జరిపే నక్షా ఎందుకు గీయలేదు? కాంక్రీటు కదలదు గానీ కాగితం మీద గీత కదులుతుంది కదా, ఇంజినీరు గారూ.