మైఫెప్రిస్టోన్ వాడుతుంటే కార్టిసాల్ పెరిగింది, పొటాషియం పడిపోయింది. పైగా 11 ఏళ్ల తర్వాత మరక!

లెక్కల టీచరు:

నాకు 62 ఏళ్లు. ఒంగోలులో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు డాలస్‌లో అబ్బాయి దగ్గర ఉంటున్నాను. నాకు ఉన్నది కుషింగ్ జబ్బు, అంటే మెదడు కింది పిట్యూటరీ గ్రంథిలో కణితి వల్ల ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను మితిమీరడం. పిట్యూటరీ ఆపరేషన్ చేశారు కానీ కణితి పూర్తిగా పోలేదు. చక్కెర అదుపులోకి రాకపోవడంతో ఎనిమిది నెలల కిందట మైఫెప్రిస్టోన్ మొదలుపెట్టారు. మొదట రోజుకు 300 మిల్లీగ్రాములు, ఇప్పుడు 600.

మందు పని చేయలేదని అనను. పరగడుపు చక్కెర 190 నుంచి 115కి వచ్చింది. రెండుసార్లు కుట్లు విప్పి వదులు చేసుకున్న జాకెట్లకే మళ్లీ కుట్లు వేసుకుంటున్నాను. మా ఆడపడుచు మాత్రం ఇంటర్నెట్‌లో మందు పేరు వెతికి ఫోను చేసింది: "వదినా, ఈ వయసులో గర్భం పోయే మాత్రలు నీకెందుకు?" దయచేసి ఆ ప్రశ్న ఇక్కడ ఎవరూ అడగవద్దు. ఇప్పటికే నలుగురికి జవాబు చెప్పాను.

నా అనుమానం వేరు. నిరుటికన్నా కార్టిసాల్ రెట్టింపు ఉంది. తగ్గించడానికి ఇచ్చిన మందు పెంచుతుందా? పొటాషియం 2.9, కాళ్లలో నీరు. దానికి తోడు నిన్న స్నానానికి వెళ్తే లోపలి లంగా మీద గోధుమ రంగు మరక, రూపాయి బిళ్లంత. నాకు ముట్లు ఆగిపోయి 11 ఏళ్లు. ఈ మూడింటికీ సంబంధం ఉందా?

హార్మోన్ల డాక్టరు:

ఉందండీ, మూడింటికీ మూలం ఒకటే. ఈ మందు కార్టిసాల్‌ను తగ్గించదు, దాని మాట వినే చెవుల్లో, అంటే గ్రాహకాల్లో, దూది పెడుతుంది. కార్టిసాల్ మాట వినపడక పిట్యూటరీ ఏసీటీహెచ్‌ను (అడ్రినల్స్‌ను పని చేయించే హార్మోను) ఇంకా వదులుతుంది, మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథులు ఇంకా కార్టిసాల్ చేస్తాయి. కాబట్టి ఆ అంకె చూసి మందు పని తీరు చెప్పలేం. చక్కెర, బరువు, రక్తపోటు, మీ జాకెట్లు, వీటినే చూడాలి.

కానీ మూత్రపిండాల్లో ఉప్పునీటి లెక్క చూసే గ్రాహకం ఒకటి ఉంది. దాన్ని ఈ మందు మూయదు. మామూలుగా అక్కడి ఎంజైము కార్టిసాల్‌ను కార్టిసోన్‌గా మార్చి దరి చేరనివ్వదు. ఇంత కార్టిసాల్ వచ్చి పడితే దానికి చేతకాదు. పొటాషియం మూత్రంలో పోతుంది, ఉప్పూ నీరూ ఒంట్లో నిలుస్తాయి.

ఇక మరక సంగతి. ఏసీటీహెచ్ తోలుతుంటే అడ్రినల్స్ ఆండ్రోస్టెన్‌డయోన్ అనే మరో హార్మోనును కూడా ఎక్కువగా చేస్తాయి. ఒంట్లోని కొవ్వు దాన్ని ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. అండాశయాలు ఎప్పుడో పని మానినా ఈస్ట్రోజెన్ పుడుతూనే ఉంటుంది. దాన్ని అదుపులో ఉంచవలసిన ప్రొజెస్టెరాన్‌కేమో ఈ మందే అడ్డు. గర్భాశయం లోపలి పొర మందమవుతుంది.

అయినా "మందు వల్లే కదా" అని ఊరుకోకండి. ముట్లు ఆగాక కనిపించే ఏ రక్తానికైనా స్కాన్ చేయాలి, పొర మందంగా ఉంటే ముక్క తీసి పరీక్షించాలి. 2.9 పొటాషియం కూడా రేపటిదాకా ఆగే విషయం కాదు. ఇవాళే మీ డాక్టరుకు ఫోను చేయండి.

కృష్ణాతీరం:

మా పిన్నికి మెదడు పొర కణితి, మెనింజియోమా. ఆవిడకు ఈ మందే మంచిదని ఎవరో చెప్పారు. నిజమేనా?

హార్మోన్ల డాక్టరు:

ఆ కణితుల్లో చాలావాటికి ప్రొజెస్టెరాన్ గ్రాహకాలు ఉంటాయి కనుక ఒకప్పుడు ఆశపడ్డారు. రోజుకు 200 మిల్లీగ్రాములు ఏళ్ల తరబడి ఇచ్చి చూశారు. 164 మందితో చేసిన పెద్ద పరీక్ష ఫలితం 2015లో వచ్చింది. ఉత్తుత్తి మాత్రకు, దీనికి తేడా లేదు. పిన్నిగారికి వద్దు.

మునగచెట్టు:

టీచరుగారూ, నేనూ రెండేళ్లు వాడాను. కొబ్బరినీళ్లు, అరటిపండ్లతో పొటాషియం నిలబడుతుందనుకున్నాను. చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే అయింది. పొటాషియం మూత్రంలో పోకుండా ఆపే స్పైరోనోలాక్టోన్ మాత్ర ఇచ్చాకే నిలబడింది. కొలెస్టరాల్‌కు సిమ్వాస్టాటిన్ వాడుతుంటే వెంటనే చెప్పండి, ఈ మందుతో అది కూడదు. గ్రేప్‌ఫ్రూట్ రసం కూడా వద్దు. మరో సంగతి: విపరీతమైన నీరసం, వాంతులు, చక్కెర పడిపోవడం కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లండి. రక్తంలో కార్టిసాల్ ఎక్కువే కనిపిస్తుంది, ఒంటికి మాత్రం అందదు. నాకు అలా అయినప్పుడు అత్యవసర విభాగంలో ఆ అంకె చూసి ఇంటికి పంపబోయారు. మందు చీటీ చూపించాక స్టిరాయిడ్ ఇచ్చారు.

లెక్కల టీచరు:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. అబ్బాయికి చెప్పడానికి నోరు రాక కోడలికి చెప్పాను. ఆ సాయంత్రమే తీసుకెళ్లింది. పొర 14 మిల్లీమీటర్లు ఉంది. ముక్క పరీక్షలో చెడు కణాలు లేవు. ప్రస్తుతానికి మందు ఆపారు. పొటాషియం మాత్రలతో 3.9కి వచ్చింది.

ఆపిన నాలుగో రోజు కూడా చక్కెర బాగానే ఉంటే ఆశ్చర్యపోయాను. ఒంట్లో మందు సగానికి తగ్గడానికే 85 గంటలు పడుతుందట. కాగితం మీద లెక్క వేశాను: రెండు వారాలకు పదహారో వంతు మిగులుతుంది. సరిగ్గా అప్పటి నుంచే చక్కెర ఎక్కడం మొదలైంది. ఈ ఉదయం పరగడుపున 148. వేరే మందు గురించి గురువారం మాట్లాడతారు. జాకెట్లకు వేసిన కుట్లు మాత్రం విప్పలేదు.