తొమ్మిదేళ్ల మాన్యువల్ టెస్టింగ్ తర్వాత: లీడ్‌గా వెళ్లాలా, ఆటోమేషన్‌కి మారాలా?

ప్రశ్న

నమస్కారం అండీ. తొమ్మిదేళ్లుగా మాన్యువల్ టెస్టింగ్‌లో, అంటే సాఫ్ట్‌వేర్‌ని స్వయంగా వాడి చూసి తప్పులు పట్టే పనిలో ఉన్నాను. మా మేనేజర్ పిలిచి టెస్ట్ లీడ్‌గా చేస్తావా అని అడిగారు, ఆరుగురి టీమ్. పక్క టీమ్‌లోనేమో ఆటోమేషన్ ఇంజనీర్ (ఆ పరీక్షలనే స్క్రిప్టులు రాసి నడిపించే పని) ఖాళీ ఉంది. అక్కడికి వెళ్తే హోదా పెరగదు, పైగా మళ్లీ కొత్తగా మొదలెట్టాలి. ఎస్‌క్యూఎల్ బాగా వచ్చు, పైథాన్ నాలుగు నెలలుగా నేర్చుకుంటున్నాను. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పాలి.

పోయిన నెల ఒక బిల్లులో మొత్తం 0.01 తేడా వస్తోందని బగ్ వేశాను. డెవలపర్ తన మెషీన్‌లో బాగానే ఉందని రెండుసార్లు మూసేశారు. ఒక్కో వరుసా తీసేస్తూ పోతే, పన్ను కలిపాక 1.005 అయ్యే ఒక్క వరుస దగ్గరే తేడా వస్తోందని తేలింది. బ్రౌజర్ కన్సోల్‌లో ఆ అంకెను రెండు దశాంశాలకు కుదించమంటే 1.01 రావాల్సింది, 1.00 వచ్చింది! కంప్యూటర్ 1.005ని కచ్చితంగా దాచుకోలేదు, వెంట్రుకవాసి తక్కువగా దాచుకుంటుంది. ఆ 1.00 చూసినప్పుడు కలిగిన సంతోషం నాకు ఏ అప్రైజల్‌లోనూ కలగలేదు. లీడ్ అయితే ఈ పని చేజారిపోతుందేమోనని బెంగ.

జవాబు 1

నేను ఐదేళ్లు లీడ్‌గా చేసి, మళ్లీ ఇంజనీర్‌గా వచ్చేశాను. మీ ఇప్పటి లీడ్‌ని గడిచిన రెండు వారాల క్యాలెండర్ చూపించమని అడగండి. నా రోజులు ఎస్టిమేషన్లు, రిలీజ్ కాల్స్, ఒకరి సెలవు, ఇద్దరి మధ్య మాటపట్టింపుతో గడిచిపోయేవి. బగ్‌లు షీట్‌లో లెక్కగా మాత్రమే కనిపించేవి.

అలాగని అది తక్కువ పని కాదు. బగ్ రిపోర్ట్ రాయడం నేను నేర్పిన అమ్మాయి, ఏడాది తిరక్కుండానే నిండు మీటింగ్‌లో నిలబడి రిలీజ్ ఆపించింది. ఆ రోజు నాకు కళ్లు చెమర్చాయి. అలాంటి రోజు కోసం మిగతాదంతా భరించగలననిపిస్తే లీడ్‌గా వెళ్లండి.

జవాబు 2

ఆటోమేషన్ అంటే రోజూ బగ్ వేట అనుకుని రాకండి. టూల్ నేర్చుకోవడం కష్టం కాదు. సెలీనియం 2004 నుంచి ఉంది, ప్లేరైట్ 2020లో వచ్చింది, రేపు ఇంకోటి వస్తుంది. నలిపేసేది చిన్న మార్పుకే విరిగిపోయే టెస్టులు. పొద్దున వచ్చేసరికి నలభై ఫెయిలై ఎర్రగా ఉంటాయి. తవ్వితే చాలావాటికి కారణం ఒకటే, స్క్రిప్ట్ బటన్‌ని గుర్తుపట్టే ఐడీని ఎవరో మార్చి ఉంటారు. అవి బాగుచేసే ఓపిక ఉందా లేదా అన్నది చేస్తేనే తెలుస్తుంది.

మీ బిల్లు సంగతే చూడండి. 1.005 పెట్టి చూడాలని ముందు మనిషికి తట్టాలి. తట్టకపోతే వెయ్యి స్క్రిప్టులున్నా అది దొరకదు. మీకు తట్టింది. అందుకే మేనేజర్‌ని ఆరు వారాలు గడువడగండి. వారానికి ఒక రోజు పక్క టీమ్‌లో కూర్చుని, మీ రిగ్రెషన్ కేసుల్లో (మార్పు జరిగిన ప్రతిసారీ మళ్లీ చేసే పాత పరీక్షలు) బాగా విసుగు పుట్టించేవి ఇరవై స్క్రిప్టులుగా రాసి చూడండి.

జవాబు 3

మారితే గ్రేడ్ అలాగే ఉంటుందా, తర్వాతి అప్రైజల్‌లో మిమ్మల్ని ఎవరితో పోలుస్తారు, ఈ రెండూ మెయిల్‌లో రాయించుకోండి. నోటిమాట నమ్మి నేను ఒక ఏడాది నష్టపోయాను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. మా లీడ్ క్యాలెండర్ చూపించారు. రెండు వారాల్లో ఆవిడ అప్లికేషన్ తెరిచింది మూడు గంటలే. ఆరు వారాల మాట మేనేజర్‌తో ఎత్తాను, నాలుగు ఇస్తామన్నారు. సోమవారం నుంచి కూర్చుంటున్నాను. మొదటి స్క్రిప్ట్ ఆ బిల్లుదే.