గర్భిణులకి, బాలింతలకి సర్కారు ఇచ్చే మాతృవందన డబ్బులు పడ్డాయంటున్నారు, పాస్‌బుక్‌లో లేవు. ఎవరికైనా తెలుసా?

టెక్కలి కుర్రాడు: పొద్దుట్నుంచీ దీనిమీదే కూర్చున్నా, బుర్ర పనిచేయడం లేదు. మా చెల్లికి మాతృవందన కోసం ఆధార్, తల్లీబిడ్డల కార్డు, పాస్‌బుక్ జిరాక్స్ అన్నీ ఇచ్చాం. ఆన్‌లైన్‌లో చెల్లింపు అయిపోయినట్టు చూపిస్తోంది. బ్యాంకులో అడిగితే మాకేమీ రాలేదంటారు. మా ఊరి నర్సు, ఏఎన్‌ఎం గారేమో ఎంట్రీ ఎప్పుడో చేసేశానంటారు. ఇంకెవర్ని అడగాలి?

తీరంగాలి: మొదటి కాన్పా? ఏ విడత?

రిటైర్డ్ మాస్టారు: డబ్బుల గొడవలో పడి అసలు సంగతి వదిలేస్తున్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లు. మన ఆంధ్రాలో 42.4, తెలంగాణలో 60.7! పట్నంలో అక్కర్లేని కోత, ఏజెన్సీలో నొప్పులొస్తే డోలీ మోత. దీని గురించి ఒక్కరూ అడగరు.

తీరంగాలి: మాస్టారూ, తమ్ముడు అడిగింది అది కాదు.

చినబాబు: ప్రైవేటులో పురుడు పోసుకుంటే ఇవి రావు. అయినా వెయ్యి రూపాయలే కదా, వదిలెయ్ బ్రో.

ఏజెన్సీ ఏఎన్‌ఎం: మీరు చెప్పేది ఆసుపత్రి కాన్పుకిచ్చే జననీ సురక్ష, 2005 నాటిది. మాతృవందన 2017లో వచ్చింది, పురుడు ఎక్కడైనా ఫర్వాలేదు. అందరూ రెంటినీ కలిపి కాన్పు డబ్బులు అనేస్తారు, మా ప్రాణం మీదికొస్తుంది. మొదటి కాన్పుకి మొత్తం 5,000. గర్భిణిగా నమోదై ఒక చెకప్ అయ్యాక 3,000, బిడ్డ జనన నమోదు, పద్నాలుగు వారాల టీకాలు పూర్తయ్యాక 2,000. తమ్ముడూ, ఖాతాకి ఆధార్ సీడింగ్ అయిందా?

టెక్కలి కుర్రాడు: మొదటి కాన్పే, మొదటి విడతే. ఆధార్ లింక్ చేశామండీ.

ఏజెన్సీ ఏఎన్‌ఎం: లింక్ కాదు, సీడింగ్.

చినబాబు: రెండూ ఒకటే. పేర్లు మార్చి జనాన్ని తిప్పుతారు.

తీరంగాలి: ఒకటి కాదు. కేవైసీకి, అంటే మనమెవరో గుర్తింపుకి, ఎన్ని బ్యాంకుల్లోనైనా ఆధార్ ఇవ్వొచ్చు, అది లింక్. బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ దగ్గర మాత్రం ఒక ఆధార్‌కి ఒక్క బ్యాంకే ఉంటుంది, అది సీడింగ్, డబ్బు దాంట్లోకే పోతుంది. జిరాక్స్ ఏ ఖాతాది ఇచ్చినా అంతే. మైఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూడు.

ఏజెన్సీ ఏఎన్‌ఎం: చెల్లి ఆధార్‌కి ఉన్న నంబరుకే ఓటీపీ వస్తుంది. మా కొండమీద ఊళ్ళలో సిగ్నలే ఉండదు, ఈ ఒక్క మెట్టు దగ్గరే ఎంతమంది ఆగిపోతారో. పేదరాలికే ఇన్ని పరీక్షలు.

టెక్కలి కుర్రాడు: చూశా. వేరే బ్యాంకు పేరు వస్తోంది. డిగ్రీలో స్కాలర్‌షిప్ కోసం తీసిన ఖాతా అట. పాస్‌బుక్ ఇచ్చింది పెళ్ళయ్యాక తీసినది.

తీరంగాలి: రెండు ఖాతాలున్నాయని ముందే చెప్పొచ్చు కదయ్యా! పాతది చాలాకాలం వాడకపోతే ఆపేసి ఉంటారు. ఆధార్ పట్టుకుని బ్యాంకుకి చెల్లినే వెళ్ళమను, సంతకం ఆమెదే కావాలి.

టెక్కలి కుర్రాడు: సరే, థాంక్స్.

పాలకొండ సుబ్బు: ఇక్కడే అడుగుతున్నా, మాకు రెండోసారి బాబు. ఎంతొస్తుంది?

తీరంగాలి: ఏమీ రాదు. రెండో కాన్పుకి ఆడపిల్లయితేనే, 6,000.

పాలకొండ సుబ్బు: అదేంటండీ, మగబిడ్డని కన్న తల్లికి తిండక్కర్లేదా?

రిటైర్డ్ మాస్టారు: ఆడపిల్ల వద్దనుకునే ఇళ్ళున్నాయి కాబట్టి ఆ నిబంధన పెట్టారు నాయనా. అన్నట్టు, సిజేరియన్ల సంగతి ఎవరూ మాట్లాడలేదు.