‘నన్ఱి మఱప్పదు నన్ఱన్ఱు’కు మన పద్యాల్లో జోడీ ఉందా?

క్రోంపేట నుంచి:
అందరికీ నమస్కారం. ఉగాదికి మా వీధి ఊడ్చే కార్మికులకు బట్టలు పెట్టి, చేతికో కార్డు ఇద్దామనుకుంటున్నాం. 2023 డిసెంబరులో చెన్నైని ముంచిన మిచౌంగ్ తుపాను నీళ్లు తీశాక మా గేటు ముందు పేరుకున్న బురద, చెత్త ఎత్తింది వాళ్లే. కార్డు మీద ఏం రాద్దామంటే పక్కింటి తమిళులు ఠక్కున కురళ్, అదే తిరువళ్లువర్ రాసిన రెండు పాదాల పద్యం, చెప్పేశారు. ‘నన్ఱి మఱప్పదు నన్ఱన్ఱు, నన్ఱల్లదు అన్ఱే మఱప్పదు నన్ఱు’. చేసిన మేలు మరవడం మంచిది కాదు, మంచి కానిదాన్ని ఆ రోజే మరవడం మంచిది అని. సిటీ బస్సెక్కితే చాలు, ఏదో ఒక కురళ్ కళ్ల ముందుంటుంది, వాళ్లకు నోటికి రాక ఏమవుతుంది! ఇంత పొట్టిగా తెలుగులో ఏదైనా చెప్పండి.

షోళింగనల్లూరు నుంచి:
అక్కా, సుమతీ శతకం ఉందిగా. ‘ఉపకారికి నుపకారము విపరీతము గాదు సేయ వివరింపంగా’. చిన్నప్పుడు బట్టీ పట్టిందే.

మైలాపూరు నుంచి:
బాబూ, మిగతా సగం కూడా చదువు. ‘అపకారికి నుపకారము నెపమెన్నక సేయువాడె నేర్పరి సుమతీ’. మేలు చేసినవాడికి తిరిగి మేలు చేయడం పెద్ద విశేషమేమీ కాదని ఒక్క ముక్కలో తేల్చేసి, కవి అపకారి దగ్గరకు వెళ్లిపోయాడు. ఇది కార్డు మీద వేస్తే ‘మా చెత్త ఎత్తి మీరు మాకేం అపకారం చేశారు?’ అన్నట్టుంటుంది. తిరుక్కురళ్‌లో దీనికి ఒక అధికారమే, అంటే అధ్యాయమే ఉంది, పదకొండోది, పది కురళ్లూ చేసిన మేలు ఎరిగి ఉండటం గురించే. మన శతకాల్లో అలా ఒక్కచోట కూర్చినది నాకు తట్టడం లేదు.

సంస్కృతంలో వెతికితే కిష్కింధాకాండలో దొరుకుతుంది. వానాకాలం అయిపోయినా సీతను వెతికిస్తానన్న మాట సుగ్రీవుడు పట్టించుకోకపోతే లక్ష్మణుడు వచ్చి అంటాడు, ‘కృతఘ్నే నాస్తి నిష్కృతిః’. తాగుబోతుకూ దొంగకూ ప్రాయశ్చిత్తం ఉందట, చేసిన మేలు మరిచినవాడికి మాత్రం లేదట. ఇదే మాట నూటపదో కురళ్‌లోనూ ఉంది. కానీ తిట్టు కదా, కొత్త బట్టలతో పాటు ఇవ్వలేం.

షోళింగనల్లూరు నుంచి:
మాస్టారూ, సామెతలూ అంతేగా! ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, ఏరు దాటాక బోడిమల్లయ్య. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం. అన్నీ విశ్వాసం లేనివాణ్ణి ఎగతాళి చేసేవే. తమిళంలో ‘ఉప్పిట్టవరై ఉళ్ళళవుం నినై’ అని నేరుగా చెబుతారు, ఉప్పు పెట్టినవాళ్లను బతికున్నంతకాలం తలుచుకో అని.

మైలాపూరు నుంచి:
సామెతల వరకు నువ్వన్నది నిజమే. మనవాళ్లు ఆ మంచిమాట నోటికి వదిలేశారు. ‘నీ కడుపు చల్లగుండ’, ‘ఆయన పేరు చెప్పుకుని ఇంత అన్నం తింటున్నాం’. ఈ రెండోదాన్ని ఎదుటివాడి మొహాన అనరు, నలుగురి దగ్గర అంటారు. అందుకే అది నాకు థాంక్స్ కన్నా బరువుగా తోస్తుంది.

పులియంతోపు నుంచి:
అక్కా, ఫోన్‌కి నోటితో చెప్పి రాయిస్తున్నాను, తప్పులుంటే ఏమనుకోకండి. మా నాన్న వీధులు ఊడ్చే పనే చేశారు. ఈ ఊళ్లో ఆ పనిలో ఉన్నవాళ్లలో తరతరాలుగా తెలుగు మాట్లాడేవాళ్లం చాలామందిమి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మాలో చాలామందికి తెలుగు అక్షరం రాదు. మీ వీధి వాళ్లు తెలుగువాళ్లేనా కనుక్కున్నారా? ముందు కార్డు మీద వాళ్ల పేర్లు రాయండి. మా నాన్నను ఆ వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. ఇంకోమాట, బట్టలు సంవత్సరానికి ఒకసారి. పగిలిన గాజుముక్కలు కాగితంలో చుట్టి విడిగా ఇవ్వడం, తడి చెత్త పొడి చెత్తలో కలపకపోవడం రోజూ చేయొచ్చు.

క్రోంపేట నుంచి:
తమ్ముడూ, ఇప్పుడే కిందికి వెళ్లి అడిగి వచ్చాను. ముగ్గురిలో ఇద్దరు తెలుగువాళ్లే, చదివేది మాత్రం తమిళం. ఇన్నాళ్లూ వాళ్లతో నాకు వచ్చీరాని తమిళంలో మాట్లాడుతున్నాను! చెత్త సంగతి మా వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాను. అప్పుడే ఇద్దరు ‘డబ్బులిస్తున్నాంగా’ అన్నారు. వాళ్లతో నేను మాట్లాడతాను. మరి తెలుగు మాటను తమిళ అక్షరాల్లో రాయొచ్చా?

మైలాపూరు నుంచి:
రాయొచ్చమ్మా. ‘కృతజ్ఞతలు’ జోలికి పోకు, ఆ లిపిలో అది చదవడానికి అవస్థ. ‘మీ మేలు మఱవం’ అని రాయి, అక్షరాలన్నీ ఉన్నాయి. బండి ఱ వేయి, కురళ్‌లో మఱప్పదులో ఉన్నదే. మూడో ఆయనకు?

క్రోంపేట నుంచి:
ఆయన తమిళుడు, ఆయనకు కురళే. పేర్లు ముగ్గురివీ అడిగి రాసుకున్నాను.