సెలవుల రద్దీలో విమానం ఎక్కడం: ఉన్న సెలవంతా దారిలోనే పోతోందా?

కిటికీసీటు (చర్చ మొదలుపెట్టినవారు)

ముందు నా గోడు వినండి, తర్వాత తిట్టండి. పోయిన ఏడాది సెలవులకని నాలుగుసార్లు ఇంటిల్లిపాదీ విమానం ఎక్కాం. రెండుసార్లు మా అమ్మానాన్నల దగ్గరికి, ఒకసారి అత్తగారింటికి, ఒకసారి ఊరికే తిరగడానికి. రానూపోనూ ఎనిమిది ప్రయాణాలు. అనుకున్న టైముకి దిగింది మూడే మూడుసార్లు. ఒకసారి మొదటి ఫ్లైటు ఆలస్యమై, రెండోది మా కళ్ళముందే వెళ్ళిపోయింది. పిల్లలిద్దర్నీ ఎయిర్‌పోర్టు కుర్చీల మీద పడుకోబెట్టి తెల్లవార్లూ కాపలా కాశాం. ఇంకోసారి మేం దిగాం, బ్యాగు దిగలేదు. అది మూడోరోజు వచ్చింది, నాలుగోరోజు మా తిరుగు ప్రయాణం.

లెక్కేస్తే 21 రోజుల సెలవుల్లో ఎనిమిది రోజులు సర్దుకోవడానికి, క్యూలకి, చేరాక పడి నిద్రపోవడానికే సరి. అందుకే ఈ ఏడు ఇంట్లో ఒక మాటన్నాను: రద్దీ రోజుల్లో అసలు కదలొద్దు, అందరూ తిరిగొచ్చేశాక పదిరోజులాగి వెళ్దాం, టికెట్టు చవక, ప్రాణానికి సుఖం. అంతే, నేను మనిషినే కాదన్నారు. మీరు చెప్పండి, నాది తప్పా?

మధ్యసీటు

తప్పేనండి. రద్దీ ఎందుకుంది? ఆ నాలుగు రోజులే అందరికీ సెలవు కాబట్టి. పదిరోజులాగి వెళ్తే క్యూ ఉండదు నిజమే, అక్కడ మనుషులూ ఉండరు. నేనూ ఒకసారి ఇలాగే తెలివిగా వెళ్ళాను. అన్నయ్య ఆఫీసుకి, వదిన డ్యూటీకి, పిల్లలు బడికి. మూడు రోజులు వాళ్ళింటి తాళంచెవి జేబులో వేసుకుని టీవీ చూసి వచ్చాను.

మూడోటెర్మినల్

ఆ ఎనిమిది రోజుల లెక్క కాస్త పెంచి చెప్తున్నట్టుంది. గంటన్నర ఫ్లైటుకి రోజంతా ఎలా పోతుందండీ?

కిటికీసీటు

గంటన్నర గాల్లో. నేలమీద సంగతి చూడండి. ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకి గంటన్నర. మామూలు రోజుల్లో రెండు గంటల ముందు వెళ్తే చాలు, సెలవుల్లో మూడు. దిగాక బ్యాగులొచ్చే బెల్టు దగ్గర ముప్పావు గంట, మళ్ళీ అక్కణ్ణుంచి రోడ్డు. పైగా మాకు నేరుగా వెళ్ళేది లేదు, మధ్యలో మారాలి. చీకటితో బయల్దేరి చీకటిపడ్డాక చేరితే అది రోజు కాదా?

ఇది నా ఒక్కడి గోల కూడా కాదు. 2018 డిసెంబరులో లండన్ గాట్విక్ ఎయిర్‌పోర్టు దగ్గర డ్రోన్లు కనిపించాయని క్రిస్మస్ ముందు వారమే రన్‌వే మూసేశారు, లక్షమందికి పైగా ఇరుక్కుపోయారు. 2022 డిసెంబరు చివర అమెరికాలో సౌత్‌వెస్ట్ సంస్థ 16,000కు పైగా ఫ్లైట్లు రద్దు చేసింది. అన్నీ సెలవుల్లోనే ఎందుకవుతాయి?

ర్యాంప్‌డ్యూటీ

ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ హ్యాండ్లింగ్ పని నాది. ప్రతి సెలవుకీ మీరంతా ఎగురుతుంటే కింద బ్యాగులు ఎక్కించే బ్యాచ్. కాబట్టి రెండు వైపులా కొంచెం కొంచెం తిడతాను.

గొడవలు సెలవుల్లోనే జరగవు. ఎప్పుడూ జరుగుతూనే ఉంటాయి, సెలవుల్లో వాటిని సర్దే జాగా ఉండదు. ఒక చిన్న లెక్క చెప్తా. 180 సీట్ల ఫ్లైటు ఒకటి రద్దయిందనుకోండి. మామూలు రోజుల్లో తర్వాతి ఫ్లైట్లలో తలా 30 సీట్లు ఖాళీగా ఉంటే ఆరు ఫ్లైట్లలో అందర్నీ పంపేస్తాం, సాయంత్రానికల్లా అయిపోతుంది. సెలవుల్లో ఒక్కోదాంట్లో ఐదే సీట్లుంటే 36 ఫ్లైట్లు కావాలి. అదే ఆలస్యం, అదే కారణం. ఒకరికి సాయంత్రానికి తీరుతుంది, ఇంకొకరికి మూడు రోజులు పడుతుంది.

రెండోది, మీరెక్కే విమానం పొద్దుట్నుంచి అప్పటికి నాలుగైదు ఊళ్ళు తిరిగొచ్చి ఉంటుంది. పొద్దున ఎక్కడో 40 నిమిషాలు ఆగితే అది రాత్రి దాకా మోసుకొస్తుంది. సిబ్బందికి డ్యూటీ గంటల పరిమితి ఉంటుంది. అది దాటితే విమానం సిద్ధంగా ఉన్నా, ఆకాశం తేటగా ఉన్నా పైలట్ ఎక్కడానికి వీల్లేదు. మీరప్పుడు కౌంటర్‌లో ఉన్న పిల్ల మీద అరుస్తారు. ఆ పిల్లేం చేస్తుంది?

సౌత్‌వెస్ట్ సంగతి వేరు. మంచు తుఫాను అన్ని సంస్థల మీదా పడింది, మిగతావి రెండుమూడు రోజుల్లో తేరుకున్నాయి. ఏ విమానం ఎక్కడుంది, ఏ సిబ్బంది ఎక్కడ చిక్కుకున్నారు అని జతకలిపే వ్యవస్థ అక్కడ చేతులెత్తేసింది. దాన్ని చూపించి సెలవుల్లో ఎవరూ ఎగరొద్దనడం సరికాదు.

నా మాట ఒక్కటే: తెల్లారి మొదటి ఫ్లైటు పట్టుకోండి. ఆ విమానం రాత్రే అక్కడికి వచ్చి నిలబడి ఉంటుంది, వెనకటి ఆలస్యం అంటుకోదు.

పొగమంచు

మొదటి ఫ్లైటు సలహా అందరూ ఇస్తారు. చలికాలంలో తెల్లవారుజామునే కదా సార్ పొగమంచు దట్టంగా ఉండేది? పోయినసారి మీలాంటివాళ్ళ మాట విని మూడింటికి లేచి, పదింటిదాకా గేటు దగ్గరే కూర్చున్నాం.

ర్యాంప్‌డ్యూటీ

ఒప్పుకుంటున్నా. మంచు పట్టే చోట్ల ఆ నెలల్లో పదకొండు, పన్నెండు మధ్యది తీసుకోండి. అయినా మీరు వెళ్ళింది ఆ పూటే. సాయంత్రం టికెట్టు తీసుకున్నవాళ్ళని అడిగి చూడండి, కొందరు మర్నాడు వెళ్ళుంటారు.

ఒకసంగతి కిటికీసీటు గారూ. తప్పిపోయిన ఆ రెండో ఫ్లైటు, రెండూ ఒకే పీఎన్‌ఆర్ మీద ఉన్నాయా?

కిటికీసీటు

లేవండి. విడివిడిగా కొన్నాను. కలిపి కొంటే ఎక్కువవుతోందని.

మూడోటెర్మినల్

అదీ సంగతి! అసలు విషయం ఇప్పుడు బయటపడింది. ఒకే టికెట్టయితే మొదటి ఫ్లైటు ఆలస్యమైనప్పుడు తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత వాళ్ళది. విడివిడిగా కొంటే రెండో సంస్థ దృష్టిలో మీరు రాని ప్రయాణికులు, అంతే. మధ్యలో బ్యాగు బయటికి తీసి మళ్ళీ చెకిన్ చేసుకోవాల్సింది కూడా మీరే. ఆ రాత్రి పిల్లల్ని కుర్చీల మీద పడుకోబెట్టింది రద్దీ కాదు మాస్టారూ, మీ పొదుపు.

కిటికీసీటు

ఆ ఒక్కటీ నా నెత్తిన వేసుకుంటా. ఇంట్లో మాత్రం ఎవరికీ చెప్పకండి. మరి బ్యాగు సంగతో?

మధ్యసీటు

బ్యాగుకి ఏడు రోజుల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి, ఇచ్చారా?

మూడోటెర్మినల్

ఏడు రోజులు పాడైన బ్యాగుకి. దేశాలు దాటే ప్రయాణాలకి 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ఉంది. దాని ప్రకారం బ్యాగు చిరిగితే, విరిగితే అందిన 7 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి. ఆలస్యంగా వస్తే, చేతికందిన 21 రోజుల్లోపు. రావలసిన రోజు నుంచి 21 రోజులైనా రాకపోతే పోయినట్టే లెక్క. ఒకే దేశంలో తిరిగేవాళ్ళకి అక్కడి నిబంధనలు వేరు. ఎక్కడైనా సరే, బయటికి రాకముందే బెల్టు పక్కనుండే కౌంటర్‌లో ఫిర్యాదు రాయించి కాగితం తీసుకోవాలి. చాలామంది విసుగేసి ఇంటికెళ్ళి ఫోన్ చేద్దామనుకుంటారు, అక్కడే దెబ్బతింటారు. ఈ లోపు కొనుక్కున్న బట్టల రసీదులు కూడా దాచుకోండి.

పచ్చగీత

ఒక మాట ఎవరూ అనట్లేదు. మనుషులు గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడులో విమానాల వాటా దాదాపు 2.5 శాతం. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ప్రపంచంలో ఎక్కువమంది ఏడాదికి ఒక్కసారి కూడా విమానం ఎక్కరు. ఈ వాటా అంతా మనలాంటి కొద్దిమందిది. ఏడాదికి నాలుగు ట్రిప్పులు అవసరమా?

మధ్యసీటు

నేను ఎక్కకపోతే ఆ విమానం ఆగుతుందా?

పచ్చగీత

ఈ ఒక్కటీ ఆగదు. కానీ నిండుతున్నాయనే కదా సెలవుల్లో అదనపు ఫ్లైట్లు వేసేది.

చంటిపిల్లతల్లి

మీరంతా రాసింది చదివితే నేను జన్మలో విమానం ఎక్కకూడదు. ఏడాది నిండని పాపతో ఆరు ప్రయాణాలు చేశాను, ఏడోది చేస్తాను. మా పాప వాళ్ళ తాతయ్య ఒళ్ళో మొదటిసారి కూర్చున్నప్పుడు ఆయన మొహం చూసుంటే ఈ లెక్కలు ఎవరూ వేయరు.

కష్టం లేదని కాదు. దిగేటప్పుడు పాప ఒకటే ఏడుపు. పక్కసీటాయన చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత డాక్టరమ్మ చెప్పింది: పైన ఉన్నప్పుడు క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తక్కువగా ఉంటుంది, దాదాపు 8,000 అడుగుల కొండ మీదున్నంత. దిగుతుంటే అది పెరుగుతుంది. చెవి లోపలి సన్నటి గొట్టం తెరుచుకోక నొప్పి పుడుతుంది. గుటక వేస్తే తెరుచుకుంటుంది. పెద్దవాళ్ళకి ఆవలింత చాలు, పసివాళ్ళకి పాలు పట్టాలి. నేనేమో ఎక్కగానే పట్టేసి, దిగేటప్పుడు నిద్రపోతోంది కదా అని వదిలేసేదాన్ని. ఇప్పుడు దిగడం మొదలుపెడుతున్నామని ప్రకటన రాగానే లేపి పాలు పడతాను. పోయినసారి ఏడవలేదు. జలుబు చేసి ముక్కు మూసుకుపోయుంటే మాత్రం డాక్టర్ని అడక్కుండా ఎక్కను.

ఇంకోటి, లోపల గాలి బాగా పొడిగా ఉంటుంది, తేమ 20 శాతం కూడా ఉండదు. విమానంలో తలనొప్పి వస్తే నీళ్ళు తాగకపోవడం కూడా ఒక కారణం కావచ్చు.

నిద్రలేనివాడు

కాలమానం మారే దూర ప్రయాణాలు చేసేవాళ్ళ బాధ ఇంకా ఎవరూ చెప్పలేదు. తూర్పు వైపు వెళ్తే నాకు ఒక్కో గంట తేడాకి దాదాపు ఒక రోజు పడుతుంది సర్దుకోవడానికి. పడమర కాస్త నయం. ఒంటికి రోజూకంటే త్వరగా నిద్రపోవడం కంటే ఆలస్యంగా నిద్రపోవడం తేలిక. ఐదు రోజుల కోసం ఎనిమిది గంటల తేడా ఉన్న చోటికి వెళ్ళి, అందరూ మాట్లాడుకుంటుంటే నేను సోఫాలో గురక. ఫొటోలన్నిట్లోనూ అరకళ్ళే.

వాకిలి

మీరంతా బయల్దేరేవాళ్ళు. నేను ఎదురుచూసేదాన్ని, కాబట్టి నా మాట కూడా ఒకటి. మా ఇద్దరు పిల్లలూ చెరోవైపు ఉంటారు. నాలుగు రోజులకి వస్తారు. వచ్చిన రోజు అలసట, పడుకుంటారు. చివరి రోజు పొద్దుట్నుంచీ ఫోన్ చూసుకుంటూ చెకిన్, సీటు, బ్యాగు బరువు. స్ప్రింగ్ త్రాసు పట్టుకుని నేనిచ్చినవన్నీ తూచి సగం నాకే తిరిగిస్తారు. మధ్యలో నాకు మిగిలేది రెండు రోజులు. నాలుగుసార్లు వచ్చినా అంతే, ఎనిమిది రోజులు.

బాబూ కిటికీసీటూ, రద్దీలో రావద్దని నేను మా వాడికి ఎప్పుడో చెప్పాను. వాడు వినడు. ఆ రోజున రాకపోతే నేను బాధపడతానని వాడి భయం. నిజానికి బాధపడతాను కూడా, అబద్ధమెందుకు. కానీ ఒకసారి వచ్చి పదిరోజులుంటే ఆ బాధ మర్చిపోతాను.

మమ్మల్నే రమ్మనేవాళ్ళూ ఉంటారు. ఒకసారి వెళ్ళాం. రద్దీ లేని నెలలో. మోకాళ్ళ నొప్పని అమ్మాయి టికెట్టప్పుడే వీల్‌చెయిర్ రాయించింది, ఒక కుర్రాడు గేటుదాకా తోసుకెళ్ళాడు. బానే ఉంది. ఏడాదికి ఒకసారి చేయగలం.

మధ్యసీటు

అమ్మా, మీరు రాసింది మా ఇంట్లో గట్టిగా చదివి వినిపించాను. మా అమ్మ ఇప్పటిదాకా ఏమీ అనలేదు, లేచి లోపలికెళ్ళింది.

కిటికీసీటు

రెండు రోజులుగా ఇక్కడ చదివిందంతా ఇంట్లో పెట్టాను (పీఎన్‌ఆర్ ముక్క తప్ప). తేలిందేమంటే, నాలుగు కాదు, రెండు. ఒకటి అందరూ ఉండే ఆ రద్దీ రోజుల్లోనే. నా పదిరోజులాగే పథకం ఓడిపోయింది. కాకపోతే ఒకే టికెట్టు మీద, పొద్దున్నే. ఇంకోటి రద్దీ లేనప్పుడు, పది రోజులు. అందుకు పిల్లల బడి మాన్పించాలా వద్దా అన్నది మళ్ళీ కొత్త గొడవ. మానేసే రెండింట్లో అత్తగారింటి ప్రయాణం ఉందా లేదా అన్నది అంతకంటే పెద్ద గొడవ. దానిమీద ఇక్కడ అభిప్రాయాలు అడగడం లేదు.

ర్యాంప్‌డ్యూటీ

అడగకపోవడమే మంచిది. బ్యాగు మీదున్న పాత ట్యాగులు, చిన్న బార్‌కోడ్ స్టిక్కర్లతో సహా పీకేసి రండి. మీ బ్యాగు మూడు రోజులు ఎందుకు తిరిగిందో నేను చెప్పలేను కానీ, నా చేతిమీదుగా వెళ్ళే వాటిలో దారితప్పేవి కొన్ని పాత ట్యాగుల పుణ్యమే. పవర్ బ్యాంక్ చెకిన్ బ్యాగులో పెట్టకండి, దాన్ని తీయించడానికి మిమ్మల్ని మైకులో పిలిచేసరికి బోర్డింగ్ అయిపోతుంది.

కిటికీసీటు

అటక మీంచి బ్యాగు దింపి చూశాను. ఐదున్నాయి.